కాలర్ పట్టుకున్నాక గంట కొట్టరు: కిక్‌బాక్సింగ్‌ని బయట ఎలా వాడుకోవాలి

అడిగింది క్లుప్తంగా ఇది: "అన్నా, హైదరాబాద్‌లో రెండేళ్ళుగా కిక్‌బాక్సింగ్ నేర్చుకుంటున్నాను. వారానికి మూడు క్లాసులు, శనివారం స్పారింగ్ (జోడీతో ప్రాక్టీస్ ఫైట్). పోయిన నెల రాత్రి టిఫిన్ బండి దగ్గర బైక్ తగిలిందని ఒకడు వచ్చి కాలర్ పట్టుకున్నాడు. నేను బొమ్మలా నిలబడిపోయాను. చెంప మీద ఒకటి పడింది. పక్కవాళ్ళు విడదీశారు. రెండేళ్ళ ప్రాక్టీస్ ఏమైపోయింది? క్రావ్ మగాకి (ఇజ్రాయెల్ ఆత్మరక్షణ పద్ధతి) మారిపోనా? మా చెల్లి కూడా నేర్చుకుంటానంటోంది, ఆమెకి ఇది పనికొస్తుందా?"

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఎనిమిదేళ్ళు రింగ్‌లో దెబ్బలు తిన్నాను, ఆ తర్వాత పదహారేళ్ళుగా నేర్పుతున్నాను. నీలాంటి ఉత్తరం ఏడాదికి నాలుగైదు వస్తాయి. అందరిదీ దాదాపు ఇదే కథ. బండి మారుతుంది, బజ్జీల బండో టీ కొట్టో, అంతే తేడా.

శనివారం స్పారింగ్ ఎలా మొదలవుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకో. చేతులకి పట్టీలు చుట్టుకుంటావు, గ్లవ్స్ వేసుకుంటావు, మౌత్‌గార్డ్ పెట్టుకుంటావు, ఎదుటివాడి గ్లవ్స్‌కి నీ గ్లవ్స్ తాకిస్తావు. టైమర్ బీప్ అంటుంది. అప్పటికి మీ ఇద్దరి మధ్య ఐదారడుగుల ఖాళీ ఉంటుంది. రెండేళ్ళుగా నీ ఒళ్ళు ఆ బీప్ విన్నాకే పనిచేయడం నేర్చుకుంది. టిఫిన్ బండి దగ్గర బీప్ రాలేదు. "కళ్ళు కనపడట్లేదారా" అన్న అరుపు వచ్చింది, నువ్వు ఏదో సమాధానం చెబుతున్నావు, చేతిలో ప్లేటో ఫోనో ఉంది, ఇంతలో వాడి చెయ్యి నీ మెడ దగ్గరుంది. నీ జాబ్‌కి, అంటే ముందు చేత్తో వేసే సూటి దెబ్బకి, కావాల్సిన దూరం అప్పటికే పోయింది. నీకు రానిది ఫైట్ కాదు, దాని మొదలు. చివర కూడా రాదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

క్రావ్ మగా గురించి ముందే తేల్చేద్దాం. దాన్ని తయారుచేసిన ఇమీ లిక్టెన్‌ఫెల్డ్ మొదట బాక్సర్, కుస్తీ వీరుడు. 1930లలో బ్రాటిస్లావాలో యూదుల పేటల మీదికి ఫాసిస్టు గుంపులు వచ్చినప్పుడు, రింగ్‌లో పనికొచ్చినవన్నీ వీధిలో పనికిరావని ఆయనకి దెబ్బలతో తెలిసొచ్చింది. ఆ తర్వాతే ఆయన తన పద్ధతి కట్టుకున్నాడు. అంటే నువ్వు ఇప్పుడు అడుగుతున్న ప్రశ్నకి ఆయన రాసుకున్న జవాబే క్రావ్ మగా. మంచి క్లాసు దొరికితే వెళ్ళు, తప్పులేదు. కానీ చేరే ముందు ఒక గంట కూర్చుని చూడు. ఎదుటివాడు నిజంగా ప్రతిఘటిస్తున్నాడా, లేక ఒక దెబ్బ వేసి చెయ్యి గాల్లో పెట్టుకుని తిప్పించుకోవడానికి ఎదురుచూస్తున్నాడా? రెండోదయితే నీ శనివారం స్పారింగే మేలు. నీ మొహం మీద వందల దెబ్బలు పడ్డాయి, పడ్డాక కూడా కళ్ళు తెరిచి ఉంచడం వచ్చింది. దాన్ని ఏ సర్టిఫికెట్ కోర్సూ వారంలో ఇవ్వలేదు. దాన్ని పారేసుకోకు.

ఇక అసలు విషయం. ముందు చేతులు.

ఎవడైనా గొంతు పెంచి నీ వైపు వస్తున్నప్పుడు రింగ్ స్టాన్స్‌లోకి వెళ్ళకు. పిడికిళ్ళు బిగించి గడ్డం దించావంటే చుట్టూ ఉన్నవాళ్ళకి నువ్వే గొడవకి దిగినట్టు కనపడుతుంది, వాడికీ రెచ్చగొట్టినట్టు ఉంటుంది. మనవాళ్ళకి దీనికి ఒక మంచి సదుపాయం ఉంది. "సారీ అన్నా, వదిలేయండి" అంటూ రెండు చేతులూ జోడించు, లేదా రెండు అరచేతులూ వాడికి చూపిస్తూ "ఆగన్నా ఆగు" అను. ఇప్పుడు నీ చేతులు ఎక్కడున్నాయో చూసుకో. రెండూ రొమ్ముకి పైన, నీ గడ్డానికీ వాడి చేతికీ మధ్య ఉన్నాయి, మోచేతులు పక్కటెముకలకి దగ్గరగా ఉన్నాయి. మొహం కాచుకునే గార్డ్‌కి జానెడు దూరం. చూసేవాళ్ళకి మాత్రం నువ్వు బతిమాలుతున్నావు. ఒక కాలు కాస్త వెనక్కి, బరువు రెండు కాళ్ళ మీదా. ఫోన్ జేబులో పెట్టెయ్, ప్లేటు కింద పడితే పడనీ.

దీన్ని ప్రాక్టీస్ చేసే పద్ధతి చాలా జిమ్‌లలో లేదు. మా దగ్గర నెలకి ఒక క్లాసు ఇదే. ఒకడు రెండోవాడిని అరనిమిషం తిడతాడు, నిజంగా తిడతాడు, మన వీధుల్లో వినపడే భాషలోనే. తిట్టి తిట్టి ఒక్కోసారి వెళ్ళిపోతాడు, ఒక్కోసారి నెడతాడు, ఒక్కోసారి కొడతాడు, ఒక్కోసారి "సరే తమ్ముడూ, నాదే తప్పు" అంటాడు. ఏది చేస్తాడో రెండోవాడికి తెలియదు. మొదటిరోజు అందరూ నవ్వుతారు. మూడో రౌండ్‌కి నవ్వు పోతుంది. ఒకసారి మంచి టెక్నిక్ ఉన్న కుర్రాడొకడు, అమ్మ మీద తిట్టు వినగానే ఎదుటివాడి మూతి మీద ఒకటిచ్చాడు. ఎదుటివాడికి నేను చెప్పింది ఆ తిట్టు తర్వాత సారీ చెప్పి వెళ్ళిపొమ్మని. ఆ కుర్రాడు ఆ రోజు నేర్చుకున్నది కోచ్ పట్టుకున్న ప్యాడ్‌ల మీద కొట్టే ఆరు నెలల ప్రాక్టీస్‌లో నేర్చుకోలేదు. నువ్వేమో దానికి రెండో కొసన ఉన్నావు, మాటల దగ్గరే గడ్డకట్టుకుపోతున్నావు. ఇద్దరికీ మందు ఒకటే. తిట్లు వింటూ ఊపిరి వదలడం, వింటూ వాడి కుడి భుజాన్ని చూడడం, వింటూ అడుగు వెనక్కి వేయడం అలవాటు చేసుకోవాలి.

ఇప్పుడు కాలర్. ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మన దగ్గర గొడవల్లో సగానికి సగం దీంతోనే మొదలవడం నేను చూశాను.

వాడు ఎడమ చేత్తో నీ చొక్కా పట్టుకున్నాడు అనుకో. అందరూ చేసే తప్పు ఏమిటంటే, రెండు చేతులతో ఆ మణికట్టు పట్టుకుని పీకడం. పీకుతున్నంత సేపూ నీ రెండు చేతులూ వాడి ఒక్క చేతికి అంకితం. వాడి కుడిచెయ్యి మాత్రం ఖాళీగా ఉంది. నీ చెంప మీద పడ్డది ఆ చెయ్యే అయ్యుంటుంది. చొక్కా గురించి మర్చిపో. చొక్కా పట్టుకుంటే నొప్పి ఉండదు.

నీ ఎడమ మోచెయ్యి పైకి లేపి, అరచెయ్యి తల వెనక్కి పోయేలా చెవినీ చెంపనీ కప్పేయ్, తల దువ్వుకుంటున్నట్టు. వాడి కుడి దెబ్బ వచ్చేది ఆ వైపుకే. అదే సమయంలో నీ కుడి ముంజేతిని వాడి ఎడమ మోచేతి మడత మీద పడేసి నీ బరువు కిందికి వదులు. మోచెయ్యి వంగుతుంది, దాంతో వాడి తల ముందుకు వస్తుంది, నడుము నిలకడ తప్పుతుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగవచ్చు. వాడి కుడి భుజం కదలకపోతే నోటితో "వదిలేయన్నా" అంటూనే ఉండు. చాలామంది కాలర్ పట్టుకునేది నలుగురిలో పరువు కోసం, కొట్టడానికి కాదు. భుజం కదిలిందా, తల కప్పిన ఎడమచెయ్యే అరచేతి మడమతో (మణికట్టు పక్కన గట్టిగా ఉండే భాగం) వాడి గడ్డం కిందికి వెళ్ళాలి. నడుము తిప్పడం నీకు వచ్చు, పక్క నుంచి వంపుగా హుక్ వేసేటప్పుడు తిప్పేదే. తర్వాత రెండు ముంజేతులతో రొమ్ము మీద నెట్టి, తిన్నగా వెనక్కి కాకుండా పక్కకి బయటపడు. పట్టు ఇంకా వదలకపోతే మోకాలు, తొడ మీదో పొట్టలోనో.

ప్రాక్టీస్‌లో దీన్ని రౌండ్‌గా మార్చుకో. 30 సెకన్ల రౌండు, మొదలయ్యేటప్పుడే పార్ట్‌నర్ చెయ్యి నీ కాలర్ మీద ఉండాలి, నీ కళ్ళు మూసి ఉండాలి. ఏ చేత్తో పట్టుకుంటాడో ముందే చెప్పకూడదు. రెండో చేతికి పెద్ద గ్లవ్ వేసుకుని నిజంగానే కొట్టాలి. నెమ్మదిగా ఒప్పందం మీద చేసేది రెండు రోజులు చాలు, మూడో రోజు నుంచి గట్టిగా లాగమను, ఊపమను, గోడకి నెట్టమను. కిక్‌బాక్సింగ్ పోటీల్లో వాడే కే-1 రూల్స్‌లో మోచేతి దెబ్బలు లేవు, పట్టుకుని ఎక్కువసేపు ఉంటే రిఫరీ విడదీస్తాడు. అందుకే మన కిక్‌బాక్సర్లకి ఛాతీకి ఛాతీ తగిలే దూరం అలవాటు ఉండదు. ముయే థాయ్ (థాయ్ బాక్సింగ్) క్లించ్, అంటే దగ్గరగా పట్టుకుని పోరాడడం, నేర్పేవాళ్ళు దగ్గర్లో ఉంటే మూడు నెలలు వెళ్ళు. పాతబస్తీ వైపు ఉంటే ఏ తాలీంలోనైనా (కుస్తీ నేర్పే చోటు) ఉస్తాద్‌ని అడిగి నాలుగు రోజులు మట్టిలో దిగు. మెడ పట్టుకుని నడిపించడం అంటే ఏమిటో వాళ్ళు చూపించినంత బాగా నేను చెప్పలేను.

పిడికిలి గురించి నా పరువు తీసుకునే కథ ఒకటి. 23 ఏళ్ళప్పుడు ఒక టీ కొట్టు దగ్గర ఒకడి మీద కుడి క్రాస్, అంటే వెనక చేత్తో సూటి దెబ్బ, వేశాను. టెక్నిక్ పరంగా చాలా అందంగా వేశాను. వాడు భయంతో తల దించాడు, నా పిడికిలి నుదుటికి తగిలింది. వాడికి బొప్పి కట్టింది. నాకు చిటికెన వేలి వెనక ఎముక విరిగి ఆరు వారాలు సిమెంటు కట్టు, ఆ ఏడు రాష్ట్ర పోటీలు పోయాయి. డాక్టర్లు దాన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే అంటారు. నా సంగతి వదిలెయ్, 1988 ఆగస్టులో న్యూయార్క్ హార్లెమ్‌లో మైక్ టైసన్ తెల్లవారుజామున మిచ్ గ్రీన్ అనే ఇంకో బాక్సర్‌తో వీధిలో కొట్టుకుని కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఫ్రాంక్ బ్రూనోతో జరగాల్సిన ఫైట్ 1989 ఫిబ్రవరికి వాయిదా పడింది. టైసన్ చెయ్యే ఆగలేదు, మనదెంత?

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. పిడికిలి పళ్ళకి తగిలి వేలి కణుపు దగ్గర చిన్న గాటు పడితే, అది గీరుకుపోయినట్టే కనపడుతుంది. ఎదుటివాడి నోట్లోని సూక్ష్మక్రిములు నేరుగా కీలులోకి పోతాయి. రెండ్రోజుల్లో చెయ్యి వాచి ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళని చూశాను. అలాంటి గాటు పడితే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళు, ఎలా తగిలిందో దాచకుండా చెప్పు. అందుకే తల మీదికి అరచేతి మడమ, పిడికిలి పొట్టకి. జాబ్, క్రాస్ దారులన్నీ అవే, చివర చెయ్యి తెరుచుకుంటుంది అంతే. బ్యాగ్ మీద రోజుకి రెండు రౌండ్లు గ్లవ్స్ లేకుండా మడమతో కొడితే నెలలో అలవాటవుతుంది. మొదట మెల్లగా కొట్టు, మణికట్టు నొప్పెడుతుంది.

గార్డ్ కూడా అంతే. 16 ఔన్సుల గ్లవ్స్ వెనక దాక్కోవడం వేరు, వట్టి చేతుల వెనక దాక్కోవడం వేరు. వట్టి చేతుల సందుల్లోంచి దెబ్బ వచ్చేస్తుంది, లేదా నీ చేత్తోనే నీ ముక్కు పగులుతుంది. ఇందాక చెప్పిన తల దువ్వుకునే కవర్ అందుకే.

కాళ్ళ విషయంలో నీ అదృష్టం బాగుంది. లో కిక్, టీప్ (పాదంతో తోసే కిక్), ఈ రెండూ బయట కూడా బాగా పనిచేస్తాయి. వాడిని నెట్టి దూరం తెచ్చుకున్నాక తొడ మీద ఒక లో కిక్ పడితే, అది ఎలా ఉంటుందో తెలియని మనిషికి రెండో అడుగు వేయాలనిపించదు. టీప్ ఇంకా మంచిది. పొట్ట మీదో తుంటి మీదో పాదం ఆనించి తోస్తావు, దూరం వస్తుంది, గాయం తక్కువ. నడుము పైకి వెళ్ళే కిక్‌లు జిమ్‌లోనే వదిలెయ్. ఒకసారి జీన్స్ ప్యాంటు, ఆఫీసు బూట్లు వేసుకుని, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగ్‌తో అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నెమ్మదిగా కిక్ చేసి చూడు. మోకాలు ఎంతవరకు లేస్తుందో తెలుస్తుంది. చెప్పులతో అయితే చెప్పు ముందు ఎగిరిపోతుంది, కాలు తర్వాత వెళుతుంది. వాన పడ్డ గచ్చు మీద చెప్పనే అక్కర్లేదు. మోకాలి చిప్ప మీద అడ్డంగా తన్నే కిక్ వీడియోల్లో చాలా తిరుగుతోంది. ఒకడి కాలు జీవితాంతం పాడయ్యే దెబ్బ అది. ప్రాణం మీదికి వస్తే తప్ప దాని జోలికి పోకు.

కింద పడితే? రింగ్‌లో కింద పడితే రిఫరీ ఆపుతాడు, అందుకే మనకి లేవడం రాదు. ఒక చెయ్యి వెనక ఆనించి, ఒక కాలు వాడి వైపు అడ్డం పెట్టి, రెండో కాలిని కింద నుంచి వెనక్కి లాగి లేచే పద్ధతి నేల మీద పెనుగులాట నేర్పే ఏ జూజిట్సు క్లాసులోనైనా మొదటి వారమే నేర్పుతారు. అది రోజూ ఇరవై సార్లు చేయి. పడేటప్పుడు గడ్డం రొమ్ముకి ఆనించు. వీధి కొట్లాటల్లో ప్రాణాలు పోయేది చాలాసార్లు పిడికిలితో కాదు, తల వెళ్ళి రోడ్డుకో ఫుట్‌పాత్ అంచుకో తగలడంతో. ఈ మాట నీకు ఎంత వర్తిస్తుందో నువ్వు కొట్టేవాడికీ అంతే వర్తిస్తుంది.

ఇద్దరు ముగ్గురు ఉంటే ఫుట్‌వర్క్‌కి ఒకటే పని, వాళ్ళని ఒకడి వెనక ఒకడు ఉండేలా పెట్టడం. చివరివాడి బయటి వైపుకి తిరుగుతూ దారి కనపడగానే కాళ్ళకి బుద్ధి చెప్పు. స్కిప్పింగ్ చేస్తావుగా, పరుగులో నీకు సాటి వచ్చేవాడు ఆ గుంపులో ఉండకపోవచ్చు. కత్తి, పగిలిన సీసా కనపడితే మాట్లాడకుండా పరుగే. 1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు డెనిస్ టూలర్ లెక్క వేస్తే, కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని దాదాపు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడని తేలింది. అది తుపాకీ ఉన్న పోలీసు కోసం వేసిన లెక్క. నీ దగ్గర ఉన్నది లో కిక్. పరిగెత్తే దారి లేకపోతే బ్యాగ్, కుర్చీ, హెల్మెట్, ఏది దొరికితే అది మధ్యలో పెట్టు. ఒట్టి చేతులతో కత్తి లాక్కోవడం నేర్పుతామనేవాళ్ళకి ఒక తెల్ల టీషర్టు తొడిగి, పార్ట్‌నర్ చేతికి స్కెచ్ పెన్ ఇవ్వు. పది సెకన్ల తర్వాత టీషర్టు చూడు.

చెల్లిని తప్పకుండా తీసుకురా. ఆమెకి కాలర్ బదులు చెయ్యి పట్టుకోవడం, జుట్టు పట్టుకోవడం ఎక్కువ ఎదురవుతాయి. జుట్టు పట్టుకుంటే ఆ చేతిని రెండు చేతులతో తలకే అదిమి పెట్టి, వెనక్కి లాక్కోకుండా వాడి వైపుకే వెళ్ళాలి. అప్పుడు లాగడానికి వాడికి బలం ఉండదు, మోకాలికి దూరం కుదురుతుంది. చున్నీ వేసుకుంటే చున్నీతోనే ప్రాక్టీస్ చేయించు. అన్నిటికంటే ముందు అరవడం నేర్పించు, మా క్లాసులో ఆడపిల్లలకి కిక్ వారంలో వస్తుంది, గట్టిగా అరవడానికి నెల పడుతుంది. వెంటపడి వేధించేవాళ్ళ సంగతైతే దెబ్బల దాకా రానివ్వక్కర్లేదు. తెలంగాణలో 2014 నుంచి ఆడవాళ్ళ రక్షణకి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, మొహమాటపడకుండా ఫిర్యాదు చేయమను.

చివర సంగతి చెబుతానన్నాను. రింగ్‌లో చివర రిఫరీ చేతిలో ఉంటుంది. బయట నీ చేతిలోనే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. నీ ఒంటికి ప్రమాదం వస్తుందన్న సహేతుకమైన భయం కలిగిన క్షణం నుంచి ఆ హక్కు మొదలవుతుంది. దెబ్బ పడేదాకా ఆగక్కర్లేదు. ఆ భయం పోగానే హక్కు కూడా పోతుంది. 37వ సెక్షన్ ఇంకో రెండు మాటలు చెబుతుంది. రక్షణకి అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదు, పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదు. దాడి జరిగితే పిరికివాడిలా పారిపోవాలని చట్టం అనదని సుప్రీంకోర్టు 2010లో దర్శన్ సింగ్ కేసులో స్పష్టంగానే చెప్పింది. అయినా వాడు వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంటే నువ్వు వేసిన లో కిక్‌కి ఈ సెక్షన్లేవీ నిన్ను కాపాడవు. ఎముక గానీ పన్ను గానీ విరిగితే అది తీవ్ర గాయం కింద లెక్క, శిక్ష ఏడేళ్ళ వరకు ఉండొచ్చు. ఒక్క పన్ను! ఎదురుగా ఉన్న కిరాణా షాపు సీసీ కెమెరాలో వాడు తిట్టింది వినపడదు, నువ్వు కొట్టింది కనపడుతుంది.

అందుకే మా డ్రిల్‌లో ఆఖరి దెబ్బ తర్వాత కూడా రౌండ్ అయిపోదు. నెట్టాలి, మూడు అడుగులు పక్కకి పోవాలి, చుట్టూ చూడాలి (ఇంకొకడు ఉండొచ్చు), "నాకు గొడవ వద్దు" అని పదిమందికీ వినపడేలా అరవాలి, తలుపు దాకా పరిగెత్తాలి. అక్కడికి చేరాకే టైమర్ ఆపుతాను. బయటైతే ఆ తర్వాత 112కి ఫోన్. దెబ్బలు తగిలితే చిన్నవైనా ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని మెడికో లీగల్ కేసు రాయించుకో. అవతలివాడు ముందు వెళ్ళి నీ మీదే కేసు పెట్టిన సందర్భాలు నాకు తెలుసు.

ఒక అనుమానం కూడా తీర్చేస్తాను, నువ్వు అడగలేదు గానీ అడగాలనుకున్నావని తెలుస్తోంది. ఆ రోజు నువ్వు ఒక్క చెంపదెబ్బతో ఇంటికి వచ్చావు. చెయ్యి విరగలేదు, స్టేషన్‌కి పోలేదు, తెల్లారి ఆఫీసుకి వెళ్ళావు. నా 23 ఏళ్ళప్పటి లెక్కతో పోల్చుకుంటే నీదే గెలుపు. చెంప సంగతి వదిలెయ్.

శనివారం స్పారింగ్‌కి ముందు కోచ్‌ని పావుగంట అడుగు. కాలర్ డ్రిల్ ఒక్కటే, పది రౌండ్లు. మంచి టీషర్టు వేసుకెళ్ళకు, పాతది ఒకటి బ్యాగ్‌లో పెట్టుకో. మూడో రౌండ్‌కే మెడ దగ్గర చిరుగుతుంది.